శాలువా ఒక్కటే సరిపోదు

కరాటే క్లబ్ నడిపేవాళ్ళకు ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. గురుపూర్ణిమకో, సెప్టెంబర్ 5కో మాస్టర్‌ని స్టేజీ ఎక్కించి, దండ వేసి, శాలువా కప్పి ఫొటోలు దిగడం మంచిదే, మేమూ చేస్తాం. కానీ మర్నాడు పిల్లలకు ఇచ్చే బెల్ట్ సర్టిఫికెట్ మీద ఆయన పేరు లేకపోతే, టెస్ట్ ఫీజులో ఆయనకు ఒక్క రూపాయి కూడా అందకపోతే, ఆ శాలువా ఎందుకు?

మాది కర్నూలు. పాతబస్తీ దగ్గర ఒక స్కూలు ఆవరణలో మా క్లబ్ నడుస్తుంది. నేర్పేది షోటోకాన్ అనే కరాటే శైలి. స్కూలు గంట కొట్టేలోపు ఖాళీ చేయాలి, పైగా మా ఊరి ఎండలు తెలిసినవే కదా, ఏప్రిల్ వచ్చిందంటే ఎనిమిది దాటాక సిమెంటు నేల మీద ఒట్టికాళ్ళతో నిలబడలేం, అందుకని పొద్దున ఐదున్నరకే లైన్ కట్టిస్తాం. వేసవి సెలవుల్లో పిల్లలతో నిండిపోతుంది, జూన్ రాగానే సగం మంది మాయం, పదో తరగతికి వచ్చేసరికి మిగిలేది చాలా కొద్దిమంది.

నాకు నేర్పిన మాస్టర్ టైలర్. పొద్దున క్లాసు, తర్వాత రాత్రి దాకా కుట్టుమిషన్. కరాటే డ్రెస్ కొనలేని పిల్లలకు ఆయనే బట్ట తెచ్చి కుట్టి ఇచ్చేవారు, డబ్బులు ఇస్తే తీసుకునేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరిని ముంచినప్పుడు ఆయన షాపు మునిగింది, మిషన్ పాడైంది, క్లబ్ రిజిస్టర్లు, పాత ఫొటోలు అన్నీ బురదలో కలిసిపోయాయి. ఇళ్ళల్లో బురద ఎత్తిపోసుకోవడం పూర్తి కాకముందే ఒక స్నేహితుడి మేడ మీద క్లాసు మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడైతే పిల్లలు రావడమే కష్టం కదా మాస్టర్ అని ఎవరో అంటే, "ఇంట్లో పెద్దోళ్ళంతా ఏడుస్తుంటే పిల్లలు యాడికి పోవాల రా?" అన్నారు. ఆయన మోకాళ్ళు ఇప్పుడు సహకరించవు. ఆదివారాలు వచ్చి కుర్చీలో కూర్చుంటారు. అయినా వెనక వరుసలో పిల్లవాడి మడమ లేచిందంటే ఆయనకే ముందు కనబడుతుంది.

అందుకే మా క్లబ్‌లో సర్టిఫికెట్ మీద పైన ఆయన పేరు, కింద నా సంతకం. బెల్ట్ టెస్ట్ ఫీజులో ఒక భాగం ఆయనకే. సాయం చేస్తున్నామని ఎవరూ అనరు, అది ఆయన వాటా. కటా, అంటే ఒక వరసలో చేసే కదలికలు, చూసి బెల్ట్ ఇవ్వాలా వద్దా అన్నదాంట్లో చివరి మాట కూడా ఆయనదే. హేయాన్ షోదాన్ అనే మొదటి కటాలో మొత్తం 21 కదలికలు, చురుకైన పిల్లాడికి వారంలో వరస వచ్చేస్తుంది, కానీ నిలబడే తీరు కుదరడానికి నెలలు పడుతుంది. ఫీజు కట్టారు కదా అని పచ్చబెల్ట్ చేతిలో పెట్టేసే క్లబ్బులు ఉన్నాయి. అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని మళ్ళీ తెల్లబెల్ట్‌తో మొదలుపెట్టించాల్సి వచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు చూడలేం. మాస్టర్‌కి గౌరవం ఇవ్వడమంటే ఆయన పెట్టిన స్థాయిని దించకుండా ఉండడం కూడా.

పిల్లలకు ఇంకా వెనక్కి వెళ్ళి చెబుతాను. మనం చేసే హేయాన్ కటాలు ఐదూ జపాన్‌లోని ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే గురువు బడిపిల్లల కోసం తయారుచేసినవి, ఆయన పెట్టిన పేరు పినాన్. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ వాటిని హేయాన్ అన్నాడు. ఫునాకోషి వృత్తికి బడిపంతులు. 1922లో టోక్యో వెళ్ళి కరాటే చూపించి అక్కడే ఉండిపోయాడు, అప్పటికి యాభై దాటాయి, ఒకినావా విద్యార్థుల హాస్టల్లో తలదాచుకుని, కాపలా కాస్తూ, వాకిలి ఊడుస్తూ, తోటపని చేస్తూ కరాటే నేర్పాడు. ఇది చెప్పిన రోజు పిల్లలు చీపురు పట్టుకోవడానికి పోటీ పడతారు.

నమస్కారం గురించి కూడా చెప్పాలి. ఫునాకోషి రాసిన ఇరవై సూత్రాల్లో మొదటిదే అది: కరాటే వందనంతో మొదలై వందనంతో ముగుస్తుంది. ముందు మేం గోడ మీది ఫొటో వైపు తిరిగి వంగేవాళ్ళం. మా దగ్గర ముస్లిం పిల్లలు చాలామంది ఉన్నారు. ఒక తండ్రి వచ్చి, "ఫొటో ముందు మావాడు వంగకూడదు సార్, ఏమనుకోవద్దు" అన్నాడు. ఏమనుకోవడానికీ లేదు, ఆయన అడిగింది న్యాయమైన మాట. మాస్టర్‌ని అడిగితే, ఫొటో ఉన్న గోడ వైపు తిప్పడం మానేసి, పిల్లలు నేర్పేవాళ్ళకు, నేర్పేవాళ్ళు పిల్లలకు, ఆ తర్వాత ఒకరికొకరు వందనం చేస్తే చాలన్నారు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాం. ఎదురుగా ఉన్న మనిషికి వంగడం పిల్లలకు ఇంకా బాగా అర్థమైందని నాకు అనిపిస్తుంది.

గురువులంటే పెద్దవాళ్ళే అనుకుంటాం. తెల్లబెల్ట్ పిల్లలకు పిడికిలి ఎలా బిగించాలో చూపించేది డిగ్రీ చదువుతున్న మా బ్రౌన్ బెల్ట్, బ్లాక్ బెల్ట్ సీనియర్లు. వాళ్ళలో ఒకమ్మాయి రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు నేర్పుతుంది. అది మూడు నెలల పనే, మిగతా ఏడాదంతా క్లబ్‌లోనే. చాలా చోట్ల సీనియర్లతో ఉచితంగా చేయించుకుని, ఇది నీ సేవ అమ్మా అంటారు. పొద్దున నాలుగున్నరకు లేచి వచ్చే పిల్లకు బస్సు చార్జీ కూడా ఇవ్వకుండా సేవ అనడం నాకు అస్సలు నచ్చదు. మా దగ్గర ప్రతి బ్యాచ్ ఫీజులో నేర్పినవాళ్ళకు వాటా ఉంటుంది, తక్కువే, కానీ నెల మొదట్లోనే చేతికి వస్తుంది.

తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఒక్కటే: దీనితో ఏం వస్తుంది సార్, ఒలింపిక్స్‌లో ఉందా? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఉంది, 2024 పారిస్‌లో లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మెడల్ ఆశ చూపించి చేర్చుకుంటే రెండేళ్ళకు వాళ్ళే వెళ్ళిపోతారు.

వరదలో పోయిన రిజిస్టర్‌ను మళ్ళీ రాస్తున్నాం. మాస్టర్ దగ్గర ఒక్క నెల నేర్చుకున్నా సరే, ఏ ఏడాది, ఏ బెల్ట్ దాకా వచ్చారో ఆదివారం పొద్దున వచ్చి రాయించండి. ఎనిమిదిలోపు రండి, అప్పటిదాకా ఆయన అక్కడే ఉంటారు.