గోడ దగ్గర ఇరవై సెకన్లు

నలభైకి దగ్గర పడ్డాక ఈత నేర్చుకున్నవాళ్లం చాలామందిమి ఒకచోట ఆగిపోతాం. 25 మీటర్ల పూల్‌లో నాలుగు లెంగ్తులు (ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటి) కొట్టేసరికి ఆయాసం. గోడ పట్టుకుని ఐదు నిమిషాలు నిలబడటం, మళ్లీ నాలుగు లెంగ్తులు. కూకట్‌పల్లి వైపు ఒక పూల్‌లో నాదీ చాలాకాలం ఇదే వరస. గంట బ్యాచ్‌లో కదిలేది అరగంట కూడా ఉండేది కాదు. మిగతా టైమంతా గోడ దగ్గర ప్లాట్ల రేట్లు, పిల్లల ఎంసెట్ ర్యాంకులు.

అలాంటి బ్యాచ్‌కి కొత్త కోచ్ వచ్చారు. నా స్టామినా పెరగాలి సార్, రోజూ ఇంకో రెండు లెంగ్తులు ఎక్కువ కొట్టనా అని అడిగాను.

"ఎంత దూరం పోతరన్నది తర్వాత మేడం. గోడ కాడ ఎంతసేపు నిలబడుతున్నరో అది చూద్దాం ముందు" అన్నారు.

మొదట ఊపిరి సంగతి తేల్చారు. నేను మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగిన ఆ అర సెకన్లోనే వదలడం, పీల్చడం రెండూ చేసేదాన్ని. ఊపిరాడనట్టు అనిపించేది ఆక్సిజన్ తగ్గి కాదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి. అది బయటికి పోతే సగం గాభరా దానితోపాటే పోతుంది. మొహం ముంచిన మరుక్షణం నుంచి ముక్కులోంచి బుడగలు వదులుతూనే ఉండాలి, పక్కకి తిరిగినప్పుడు పీల్చడం ఒక్కటే మిగలాలి. చెప్పినంత తేలిక కాదు. మూడో లెంగ్తుకి మర్చిపోతాం. లోతు తక్కువున్న వైపు నిలబడి, తల ముంచి లేపుతూ బుడగలు వదలడమే నా మొదటి హోంవర్క్. పక్క లేన్‌లో పదేళ్ల పిల్లలు చూసి నవ్వుకునేవారు.

తర్వాత సెట్లు మొదలయ్యాయి. 50 మీటర్లు, 20 సెకన్ల విశ్రాంతి, మళ్లీ 50. ఇలా ఎనిమిది. మొత్తం 400 మీటర్లే, నేను అంతకుముందు గంటలో కొట్టేదానికంటే ఎక్కువేం కాదు. కానీ విశ్రాంతి ఐదు నిమిషాల నుంచి 20 సెకన్లకు దిగేసరికి నా అసలు రంగు బయటపడింది. మొదటి 50 చేపపిల్లలా పోయాను, నాలుగోదానికి చేతులు లేవలేదు. "గట్ల ఉరకకుండ్రి. ఎనిమిదోది ఎట్ల కొడతరో మొదటిది గట్లనే కొట్టండ్రి" అని సార్ గట్టు మీద నుంచి అరిచారు. ఎనిమిదింటికీ దాదాపు ఒకే టైము రావడానికి నాకు వారాలు పట్టింది. చేతికి వాటర్‌ప్రూఫ్ వాచ్ కొనుక్కున్నది కూడా అప్పుడే. దాని ధర రెండు నెలల ఫీజంత, అయినా ఇన్నేళ్లలో ఈత కోసం పెట్టిన ఖర్చుల్లో పనికొచ్చింది అదొక్కటే అంటాను.

అది కుదిరాక టెస్ట్ పెట్టారు. 400 మీటర్లు ఆగకుండా నా శక్తికొద్దీ, బాగా తేరుకున్నాక 200 మీటర్లు. 400కి 12 నిమిషాల 10 సెకన్లు, 200కి 5 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే 6:20. దాన్ని సగం చేస్తే 3:10. అంటే 100 మీటర్లకి 3 నిమిషాల 10 సెకన్లు నేను చాలాసేపు నిలబెట్టుకోగల పేస్. మొదట్లో వచ్చే ఊపు రెండు ఈతల్లోనూ ఉంటుంది కాబట్టి తీసివేతలో అది పోయి, అసలు ఓపిక మిగులుతుందట. ఇకపై లెక్కంతా దాని మీదే. 50కి 1:35, పైన 20 సెకన్లు. అంటే ప్రతి 1:55కి ఒకసారి గోడ వదలాలి. ఆలస్యంగా వస్తే విశ్రాంతి తగ్గుతుంది, అంతే. బతిమాలినా వినని టీచర్ ఆ గడియారం.

స్పీడ్ సెట్ దీనికి పూర్తిగా తలకిందులు. 25 మీటర్లు ప్రాణం పెట్టి కొట్టాలి, ఆ తర్వాత నిమిషం నిలబడాలి. మళ్లీ 25. నిమిషం ఎందుకు, అరనిమిషం చాలు కదా అని తొందరపడితే సార్ ఒప్పుకోలేదు. పూర్తిగా తేరుకోకుండా దూకితే రెండోసారి కొట్టేది స్పీడ్ కాదు, అలసిపోయిన ఈత. ఓపిక కావాలంటే తక్కువ విశ్రాంతి, వేగం కావాలంటే ఎక్కువ విశ్రాంతి. మా బ్యాచ్‌లో సగంమంది ఈ రెండూ కలిపేసి, మధ్యరకంగా కొట్టి, ఏళ్ల తరబడి అదే టైముతో ఉండిపోతున్నారని నా అభిప్రాయం.

అయితే బలం పెట్టినకొద్దీ వేగం రాదు. నీళ్లు గాలికంటే దాదాపు 800 రెట్లు చిక్కన. వేగం రెట్టింపు చేయాలంటే ఎదురొచ్చే నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే వారానికి ఒకరోజు స్ట్రోకులు, అంటే చేతులు ఎన్నిసార్లు వేస్తున్నామో, లెక్కపెట్టడమే పని. ఎదురుగా గోడకేసి చూసే తలని దించి, కిందున్న టైల్స్ గీత చూడమన్నారు. తల దిగగానే నడుం పైకి తేలింది. తొడల మధ్య పుల్ బాయ్ అనే నీళ్లలో తేలే దిమ్మ పెట్టుకుని చేతులతోనే ఈదితే, నడుం పైనుండటం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. నా కాళ్లు సైకిల్ తొక్కుతున్నాయని కూడా అప్పుడే తెలిసింది. మోకాలి నుంచి కాదు, తుంటి నుంచి కొట్టాలి, అదీ చిన్నగా. కాళ్ల కండరాలు పెద్దవి, దబదబా కొడితే ఉన్న ఆక్సిజనంతా అవే తినేస్తాయి. 25 మీటర్లకి 29 స్ట్రోకులు కొట్టేదాన్ని, 23కి వచ్చాయి.

వయసు అడ్డం పెట్టుకుంటే మాత్రం సార్ గోలి శ్యామల గారి పేరు తీస్తారు. పెద్దయ్యాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంక నుంచి మన తీరానికి పాక్ జలసంధి ఈదిన హైదరాబాద్ ఆవిడ. పదమూడు గంటలకు పైగా సముద్రంలో. దాని తర్వాత పన్నెండు 50లు ఎక్కువైపోయాయని నోరు విప్పలేం కదా.

ఎండాకాలం సగం వృథా. ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంప్ పిల్లలతో పూల్ నిండిపోతుంది. ఒక్క లేన్ దొరికితే గొప్ప. పోటీల పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. మన మే నెల ఓపెన్ పూల్‌కి ఆ సంగతి ఎవరు చెప్పాలి? వేడి నీళ్లలో ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోదు, చెమట పడుతున్నా తెలియదు. అప్పుడు విశ్రాంతి ఇంకో పది సెకన్లు పెంచి, గట్టు మీద మంచినీళ్ల సీసా పెట్టుకుని కొట్టాం.

వానలు పడ్డాక మళ్లీ టెస్ట్. 400కి 10:04, 200కి 4:52. పేస్ 2:36కి దిగింది. ఆ నెలలోనే 1500 మీటర్లు ఆగకుండా, 41 నిమిషాల్లో.

అది చూసుకుని మురిసిపోతూ గచ్చిబౌలి వెళ్లాను. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిగిన స్టేడియం ఆవరణలో 50 మీటర్ల పూల్ ఉంది. అక్కడ అదే 1500కి 43 నిమిషాలు దాటింది. చిన్న పూల్‌లో 59 సార్లు గోడ తన్నుకుని ముందుకు జారతాం, ఇక్కడ 29 సార్లే. తన్నిన ప్రతిసారీ మూడు నాలుగు మీటర్లు ఉచితం, చేతులకి రెండు సెకన్ల ఆటవిడుపు. ఆ ఉచితం సగానికి సగం పోయిందన్నమాట. ఇప్పుడు నెలకోసారైనా అక్కడికి వెళ్తున్నాను, 30వ మీటర్ దగ్గర స్ట్రోక్ చెదిరిపోకుండా చూసుకోవడం కోసం.

ఇక ఫ్లిప్ టర్న్ (గోడ దగ్గర నీళ్లలోనే పల్టీ కొట్టి వెనక్కి తిరగడం) నేర్పండి సార్, టైము ఇంకా తగ్గుతుంది అన్నాను.

"ముందు గోడ పట్టుకుని యాలాడుడు బంద్ చేయండ్రి మేడం" అన్నారు.