పద్దెనిమిదేళ్ళూ చర్మానికే మందు రాశాను

నాకు సోరియాసిస్ 2005లో, మా అమ్మాయి పుట్టిన నాలుగు నెలలకు మొదలైంది. మొదట మోచేతుల మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చలు లేచి, వాటి మీద తెల్లటి పొలుసులు కట్టాయి. మూడేళ్ళు తిరిగేసరికి వీపు, మోకాళ్ళు, ఛాతీ కూడా నిండిపోయాయి. మేము ఉండేది చెన్నైలోని పెరంబూరులో, నేను చేసేది తెలుగు పంతులమ్మ ఉద్యోగం. అగ్నినక్షత్రం ఎండల్లో సైతం పొడుగు చేతుల రవికె వేసుకునేదాన్ని. గంట కొట్టగానే, కుర్చీ కింద రాలిన పొలుసులను పిల్లలు చూడకముందే చేతిరుమాలుతో ఒత్తి తీసేదాన్ని. ఇన్నేళ్ళలో నన్ను చూసిన వైద్యులందరూ చర్మాన్నే చూశారు. బీపీ పట్టీ చుట్టినవారు గానీ, కొలెస్ట్రాల్ పరీక్ష రాసినవారు గానీ ఒక్కరూ లేరు. నేనూ అడగలేదు, అడగాలని నాకు తెలియదు.

2023 నవంబరులో ఒక వాన రాత్రి పదకొండు గంటలకు పరీక్ష పేపర్లు దిద్దుతుండగా ఎడమ దవడ లాగడం మొదలైంది, రెండు భుజాల మధ్య ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు బరువుగా అనిపించింది. సోరియాసిస్ వల్ల వచ్చిన కీళ్ళ నొప్పులు నాకు పాతవే కాబట్టి, అలవాటుగా నొప్పి బిళ్ళ వేసుకున్నాను. అది తగ్గకపోగా వాంతి వచ్చేటట్టు ఉంటే, మా వారు వీధి చివర ఉన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకువెళ్ళారు.

అక్కడ ఈసీజీ తీయడానికి వచ్చిన కుర్రవాడు రవికె గుండీలు విప్పమని, ఛాతీ చూసి చేయి వెనక్కు తీసుకున్నాడు. తరువాత జెల్లీ రాసి రబ్బరు బల్బులు పెట్టబోతే, పొలుసుల మీద అవి నిలవక ఒక్కొక్కటే ఊడి మంచం మీద పడ్డాయి. "ఇది అంటుకోదమ్మా" అన్నాడు తమిళంలో, మరుక్షణమే గొంతు తగ్గించి "ఇది అంటుకుంటుందా?" అని అడిగాడు. తమిళంలోనూ మనకు మల్లేనే బల్బు పట్టుకోవడానికీ, రోగం సోకడానికీ ఒకటే క్రియ. జీవితమంతా పిల్లలకు నానార్థాలు చెప్పిన నేను ఆ మాటకు జవాబు చెప్పలేక గోడ వైపు తల తిప్పుకున్నాను. చివరికి అతను మచ్చలు లేని చోట్లు వెతికి, బల్బులను ఉండవలసిన చోటు నుంచి అటూ ఇటూ జరిపి పెట్టి కాగితం లాగాడు. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి, నన్ను కాక మా వారిని, "మేడమ్‌కు టెన్షన్ ఎక్కువా?" అని అడిగి, గ్యాస్ అని తేల్చి, ఒక ఇంజెక్షన్ చేయించి పంపేశాడు.

మూడున్నరకు మెలకువ వచ్చేసరికి నా దిండు తడిసి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, కిటికీలోంచి వాన జల్లు కొడుతోంది, అయినా చెమటలు. నేను లేపితే మా వారు "గ్యాసేనన్నారుగా, తెల్లారనీ" అన్నారు. ఆ అరగంటను ఆయన ఇప్పటికీ మరచిపోలేదు. నేను క్షమించాననే చెబుతాను గానీ, కోపం వచ్చినప్పుడు నా నోట ముందుగా వచ్చేది ఆ మాటే. "నాన్నా, అమ్మ పెదవులు చూడు" అని మా అమ్మాయి అరిచాకే ఆయన లేచారు. గణేశపురం సబ్‌వేలో నీళ్ళు నిలిచాయని ఆటో చుట్టుదారిన వెళ్ళింది. ఒళ్ళో మా అమ్మాయి చేయి పట్టుకుని, దీనికి పెళ్ళి కాలేదు, దీనికి కూడా ఈ చర్మం రాలేదు కదా అని, ఏదో ఒకటే ఆలోచన తిరగేస్తూ కూర్చున్నాను.

పెద్దాసుపత్రిలో, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పెరిగిందని, అంటే గుండెపోటని అన్నారు, మణికట్టు నుంచి యాంజియోగ్రామ్ చేసి గుండె ముందువైపు రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఆ అయిదు రోజుల గురించి చెప్పదగ్గది పెద్దగా లేదు. అక్కడి నర్సమ్మకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. ఆవిడ గోరువెచ్చని నీళ్ళతో నా ఛాతీ మీది పొలుసులను నానబెట్టి, మెత్తగా తుడిచి ఆరబెట్టి, స్టిక్కర్లను వాటి వాటి చోట్లలోనే అంటించింది. మొత్తం పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు మొదటి చోట లేకపోయాయి. చోటు మారితే ఈసీజీ గీతలు మారిపోతాయనీ, సరిగ్గా తీసినా మొదటి ఈసీజీ బాగుందని గుండెపోటు లేదనడానికి వీల్లేదనీ, నొప్పి తగ్గకపోతే పదిహేను, ముప్పై నిమిషాల తేడాతో మళ్ళీ మళ్ళీ తీయాలనీ నాకు ఆ తరువాతే తెలిసింది.

నలభై నాలుగేళ్ళకు, షుగరూ పొగ అలవాటూ లేని నాకు ఇది ఎందుకు వచ్చిందని గుండె డాక్టరుగారిని అడిగాను. చర్మం మీద కనిపించే వాపు చర్మంతో ఆగదని, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఏళ్ళ తరబడి లోపల రక్తనాళాల గోడలనూ రేపుతూ ఉంటుందని, అక్కడ కొవ్వు పేరుకోవడానికి అది దారి చేస్తుందని ఆయన ఓపికగా చెప్పారు. రోగనిరోధక వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే లూపస్, కీళ్ళవాతం వంటి జబ్బులు ఉన్నవారికీ ఇదే గొడవట. నా ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 168 ఉంది. ఇంటికి వచ్చి చదివితే ఒళ్ళు మండింది. సోరియాసిస్ తీవ్రంగా ఉన్నవారిలో, ముఖ్యంగా చిన్న వయసువారిలో, గుండెపోటు ప్రమాదం ఎక్కువని బ్రిటన్ రోగుల రికార్డులను పరిశీలించిన అధ్యయనం 2006లోనే వచ్చింది, అంటే నా మచ్చలకు ఏడాది నిండేనాటికి. 2018లో అమెరికా గుండె వైద్యుల కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు సోరియాసిస్‌ను ప్రమాదం పెంచే కారణాల్లో చేర్చాయి. నా పాత చర్మవైద్యుడు మంచివాడు, ఫీజు కూడా చాలాసార్లు తీసుకోలేదు. అయినా ఒక్క చీటీ మీద "లిపిడ్ ప్రొఫైల్" అని కొలెస్ట్రాల్ పరీక్ష రాసి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

తప్పంతా వైద్యులదే అననూ లేను. పెళ్ళిళ్ళ ముందు మచ్చలు తగ్గాలని మందుల షాపులో నేనే అడిగి స్టెరాయిడ్ బిళ్ళలు కొనుక్కున్నాను. అవి బీపీని, షుగరును పెంచుతాయి. డిక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలను చాక్లెట్లలా మింగాను. అవీ గుండెకు మంచివి కావు. డిశ్చార్జి అయిన నెలకే మచ్చలు విపరీతంగా లేచాయి, మణికట్టు మీద సూది గుచ్చిన చోట కూడా కొత్త మచ్చ పుట్టింది. దెబ్బ తగిలిన చోటల్లా సోరియాసిస్ లేవడం దాని నైజమే. మిగతా మచ్చలకు మాత్రం గుండెకు ఇచ్చిన మెటోప్రోలాల్ కారణం కావచ్చని కొత్త చర్మవైద్యురాలు అనుమానించి, నా ఎదుటే గుండె డాక్టరుగారికి ఫోన్ చేసి మందు మార్పించారు. ఆ మందును ఎవరూ తమంతట తాము హఠాత్తుగా మానకూడదు, అది ప్రమాదం. పద్దెనిమిదేళ్ళలో నా కోసం ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు.

మా అమ్మ సూళ్ళూరుపేట నుంచి బయలుదేరి, రోగాలు నయం చేస్తాడని మొక్కుకునే శివుడి గుడి వైదీశ్వరన్ కోయిల్‌కు వెళ్ళి ఉప్పూ మిరియాలూ సమర్పించి వచ్చింది. పూర్వం చర్మానికి మొక్కుకుంది, ఈసారి గుండెకు. నేను ఆ విభూతి పెట్టుకుంటాను, రాత్రి కొలెస్ట్రాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ కూడా వేసుకుంటాను. మొన్నటి పరీక్షలో ఎల్‌డీఎల్ 58కి దిగింది.

బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి ముప్పై ఎనిమిదేళ్ళు. వాడి తల నిండా, చెవుల వెనకా ఇవే పొలుసులు. "చుండ్రే అక్కా" అంటాడు. రక్తపరీక్ష చేయించుకొమ్మని డబ్బు కూడా పంపాను; శనివారం వెళతానన్నాడు, రెండు శనివారాలు అయిపోయాయి. ఈసారి మరదలికే ఫోన్ చేయాలి.