తప్పు కనబడేలా కొట్టెయ్యాలండీ

2009లో నాకు మొదటి పోస్టింగు కోనసీమలో వచ్చింది. గోదావరి మధ్య డెల్టాలో ఒక కాలువ సెక్షనుకి ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని. ఇరవై నాలుగేళ్ల వయసు, కొత్త బైకు, పుస్తకాల్లో చదువుకున్న లెక్కలు. నా కింద పనిచేసిన లస్కర్లలో ఒకాయన గురించి ఇది రాస్తున్నాను. పేరు వద్దని ఇంట్లోవాళ్లు అడిగారు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను.

లస్కరు పనేమిటో మా జిల్లాల బయటివాళ్లకి అంతగా తెలియదు. తూముల తలుపులు ఎత్తాలి, దించాలి. పొద్దునా సాయంత్రం గేజి, అంటే నీటిమట్టం కొలిచే పలక, చూసి రిజిస్టర్లో రాయాలి. గట్టు వెంట నడిచి ఎలక బొరియలూ, ఎండ్రకాయ కన్నాలూ, ఊటలూ కనిపెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, కాటన్ దొర మా కడుపులు నింపాడనీ చిన్నప్పట్నించీ విన్నాం. అక్కడ వదిలిన నీళ్లు ఒక మామూలు రైతు మడిలోకి దిగాలంటే రాత్రీ పగలూ గట్టు మీద ఒక మనిషి ఉండాలని ఉద్యోగంలో చేరాకే నాకు తెలిసింది.

చేరిన రోజు వంతెన మీద నిలబడి గేజి చూసి "నాలుగున్నర" అన్నాను. బాబాయ్ ఏమీ అనలేదు. చెప్పులు విడిచి మెట్లు దిగాడు. లుంగీ మడతలోంచి కొబ్బరి పీచు తీసి గేజి పలక మీద పాకుడు రుద్ది కడిగాడు. నీళ్లు కదలడం తగ్గేదాకా ఆగాడు. అప్పుడు గడ్డం నీళ్లకి తగులుతుందా అన్నంతగా వంగి చూశాడు.

"నాలుగూ రెండండి. గట్టు మీంచి చూత్తే తడి కనపడతాదండి బాబుగారూ, నీళ్లు కనపడవు."

అదే వారం రిజిస్టర్లో ఒక అంకె తప్పు రాసి, దాని మీద వైట్‌నర్ పూశాను. ఆయన ఆ పేజీ కాసేపు చూసి, ఎవరూ లేనప్పుడు నా దగ్గరికి వచ్చాడు. "తప్పు కనబడేలా కొట్టెయ్యాలండీ. ఒక్క గీత. కింద సంతకం. తెల్లరంగు పూత్తే ఇక్కడేదో దాసేరని అందరికీ తెలుత్తాది, ఏం దాసేరో ఎవరికీ తెలీదు." నా కంటే ముప్పయ్యేళ్లు పెద్ద. అయినా నిలబడే చెప్పాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

2010 దాళ్వాలో, అంటే రబీ పంటకి, నీళ్లు చాలక వంతులవారీగా ఇస్తున్నాం. కాలువ చివరనున్న శివారు రైతులు ఆఫీసుకి వచ్చి గొడవ చేశారు. నేను రిజిస్టరు తెరిచి, కాలువ తల దగ్గర గేజి నిండుగా ఉంది, మేం ఇవ్వాల్సింది ఇచ్చాం అన్నాను. మర్నాడు తెల్లవారకుండానే బాబాయ్ మా ఇంటి ముందు సైకిల్ బెల్లు కొట్టాడు. "మనం శివారుకెల్లి అక్కణ్ణించి పైకొద్దామండి." నేనెప్పుడూ తల నుంచి కిందికే వెళ్లేవాణ్ణి. ఆ రోజు కాలువ చివర మొదలెట్టాం. వరి చిరుపొట్ట మీద ఉంది. చేను నెర్రెలిచ్చింది. ఆయన వంగి ఒక నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగిపోయింది. "నా సెయ్యి కాదండి, మీది పెట్టండి" అన్నాడు. పెట్టాను. వేళ్లకి ఎక్కడా తడి తగల్లేదు. పక్కన కౌలుకి చేసుకుంటున్న ఒక ముసలావిడ మమ్మల్ని చూస్తూ నిలబడింది, ఒక్క మాట అనలేదు. తిరిగి పైకి వస్తూ దొంగ గొట్టాలు లెక్కపెట్టాం, పద్నాలుగు తేలాయి. అప్పట్నించి ఇప్పటిదాకా ఎక్కడ పనిచేసినా, ఎవరు ఫిర్యాదు చేసినా, ముందు చివరికి వెళ్తాను. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చేస్తున్నానని గట్టిగా చెప్పగలిగింది అదొక్కటే.

2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, పెట్టిన పెట్టుబడి రావట్లేదు, ఇక వెయ్యం అన్నారు. కాలువ నిండుగా పారుతోంది, నీళ్లడిగే మనిషి లేడు. ఆ సార్వా (ఖరీఫ్) అంతా బాబాయ్ రోజూ తూము మెట్ల మీద కూర్చునేవాడు. ఆయన మొహం అంత చిన్నబోవడం నేను అప్పుడే చూశాను.

ఇక రాయడానికి చెయ్యి రాని చోటికి వచ్చాను.

2012 నవంబరు మొదట్లో నీలం తుపాను వానలు. ఊళ్లన్నీ నీళ్లలో ఉన్నాయి. కాలువ గట్టంచు దాకా వచ్చింది. ఎక్కువైన నీటిని డ్రైనులోకి వదిలే తూము ఒకటుంది, అది ఎత్తాలి. ఎత్తితే డ్రైను పక్క ఊరి చేలు మునుగుతాయి. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన నాకు ఫోన్ చేసి, తెల్లారేదాకా ఆగండి, కోతకొచ్చిన పంట అన్నాడు. నేను బాబాయ్‌కి ఫోన్ చేసి తలుపులు ముట్టుకోవద్దని చెప్పాను. "గట్టు ఆగదండి" అన్నాడు. నేను చెప్పినట్టు చెయ్యి అన్నాను. మూడేళ్లలో ఆయన్ని "నువ్వు" అన్నది ఆ రాత్రే. తెల్లవారుజామున కిలోమీటరు కింద గండి పడింది. అరవై ఎకరాలు పోయాయి. మనుషులకేమీ కాలేదు.

విచారణ వచ్చింది. నాకు భయం వేసింది. పెళ్లి కుదిరి ఉంది, ప్రొబేషన్ అయి ఎన్నాళ్లో కాలేదు. డ్యూటీలో ఉన్న లస్కరు సకాలంలో తలుపులు ఎత్తలేదు అని రాసి సంతకం పెట్టాను. ఆ వాక్యం రాయడానికి నాకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. బాబాయ్‌కి మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు కోసేశారు. ఏడు నెలల్లో ఆయన రిటైరయ్యాడు. ఆఖరి జీతం తగ్గింది కాబట్టి పెన్షనూ తగ్గింది, బతికినంతకాలం. ఆయన సన్మానానికి నేను వెళ్లలేదు. మీటింగ్ ఉందని కబురు పెట్టాను. అప్పటికే వేరే జిల్లాకి బదిలీ అయిపోయాను.

తొమ్మిదేళ్లు గడిచాయి. 2022 సంక్రాంతి వెళ్లాక వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. కడుపులో క్యాన్సరు, ఆపరేషన్ లాభం లేదన్నారు, మిమ్మల్ని చూడాలంటున్నాడు అన్నాడు.

కాలువ గట్టు మీద రెండు గదుల పెంకుటిల్లు. బాబాయ్ సగం అయిపోయాడు. మంచం పక్కన గోడకి ఒక చిన్న నోటుబుక్కు పురికొసతో వేలాడుతోంది. నొప్పి మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నదీ, ఎంతసేపటికి తగ్గిందీ రోజూ రాస్తున్నాడు. ఒకచోట 2.10 అని రాసి ఒక గీతతో కొట్టేసి 2.40 అని దిద్ది, కింద పొడి అక్షరాల సంతకం. డాక్టరు అడుగుతాడని కాదట, మందు పనిచేస్తోందో లేదో తనకి తెలియాలట. నేను ఆ గీత చూస్తూ కూర్చున్నాను. నోట మాట రాలేదు. పిన్నిగారు కాఫీ ఇస్తే తాగి వచ్చేశాను.

జులైలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులు దాటింది, పాతిక లక్షల క్యూసెక్కుల పైచిలుకు సముద్రంలోకి వదిలారు. నన్ను వరద డ్యూటీకి కోనసీమ పంపారు. రాత్రి రెండింటికి బాబాయ్ ఫోను. ఆయాసపడుతూనే, ఏటిగట్టు మీద ఫలానా రావిచెట్టు దాటాక నూరు అడుగుల్లో లోపలి వైపు చూడమన్నాడు. 1986 వరదలో అక్కడ ఊటొచ్చిందట. వెళ్లి టార్చి వేస్తే గట్టు కాలి దగ్గర గడ్డి అంతా తడిసి, బురద నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి. తెల్లారేదాకా ఇసక బస్తాలు వేయించాం. పొద్దున ఫోన్ చేసి చెబితే "నీళ్లు తేటగా వత్తన్నాయా, బురదగానా" అని అడిగాడు. తేటపడ్డాయన్నాను. "ఆయ్, అయితే పడుకుంటానండి" అన్నాడు. ఊటలో మట్టి వస్తోందంటే లోపల గట్టు కరుగుతోందని అర్థం. చావుకి దగ్గరపడ్డ మనిషి ఆ రాత్రంతా అందుకే మేలుకుని ఉన్నాడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం రమ్మన్నాడు. కారు తెమ్మన్నాడు. ఉప్పలగుప్తం అవతల సముద్రం వైపు ఒక శివారు ఊరికి తీసుకెళ్లమన్నాడు. వెనక సీట్లో దిండ్లు వేసి పడుకోబెట్టాం. దారిలో చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక దాళ్వాలో, బావమరిది చేను ఎండుతోందని ఆ శివారు వంతు ఒక రాత్రి ముందే కట్టేశాడట. రిజిస్టర్లో మాత్రం తెల్లారి అయిదుకి కట్టినట్టు రాశాడట. ఆ రాత్రి నీళ్లు అందక ఒకాయన ఎకరంన్నర చేను తాలు పోయింది. "నా రిజిస్టర్లో అదొక్కటేనండి అబద్దం" అన్నాడు.

ఆ రైతు ఎప్పుడో పోయాడు. కొడుకు ఉన్నాడు, నలభై అయిదేళ్లుంటాయి. ఆ చేను ఇప్పుడు చేను కాదు, రొయ్యల చెరువు. ఏరేటర్లు తిరుగుతున్నాయి, ఆ మోతలో గట్టిగా మాట్లాడితే తప్ప వినపడదు. బాబాయ్‌కి గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. మా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నిలబడి, అతని చెవి దగ్గర చెప్పాడు. అతను తెల్లబోయాడు. "అప్పుడు నేను సిన్నోణ్ణండి, నాకు తెలీదు. ఇప్పుడదంతా ఎందుకండి" అన్నాడు. "మీ నాన్నకి సెప్పాలండి. నువ్వే ఉన్నావు" అన్నాడు బాబాయ్. అతను మోటారు షెడ్డులోకి వెళ్లి మోటారు కట్టేశాడు. చక్రాలు ఒక్కొక్కటే ఆగాయి. "ఇంకోసారి సెప్పండి" అన్నాడు. బాబాయ్ మొదట్నించీ మళ్లీ చెప్పాడు, ఏ ఏడో, ఏ నెలో, ఎన్ని గంటలకి కట్టాడో. బావమరిది మీదికి నెట్టలేదు, ఆ రోజుల్లో అందరూ చేసేవాళ్లని అనలేదు. ఆ అబ్బాయి ఒక బోండం కొట్టి గ్లాసులో పోసి ఇచ్చాడు. రెండు గుక్కలు తాగగలిగాడు.

నేను గట్టు మీద చెమటలు కక్కుతూ నిలబడ్డాను. క్షమించమని అడగడం అంటే ఏడవడం, కాళ్లు పట్టుకోవడం అనుకునేవాణ్ణి. ఆ ధైర్యం లేకే పదేళ్లుగా తప్పించుకు తిరిగాను. ఆయన చేసింది అదేమీ కాదు. జరిగింది జరిగినట్టు, అంకెలతో సహా, చెప్పాల్సిన మనిషికి చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో కాలువ పక్కన కారు ఆపేశాను. వెనక్కి తిరగలేదు, అద్దంలోకి చూస్తూనే అన్నాను. "బాబాయ్, ఆ రాత్రి తలుపులు ఎత్తొద్దన్నది నేను. మీరు ఎత్తలేదని రాసిందీ నేనే. భయపడి రాశాను."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తెలుసు కదండి. రిజిస్టర్లో ఉంది" అన్నాడు.

ఆ రాత్రే రాశాడట. ఏఈ గారు ఫోనులో చెప్పారు, తలుపులు ముట్టుకోలేదు, టైము, సంతకం. విచారణకి వచ్చినవాళ్లు ఆ పేజీ తెరవలేదు. నేనూ తెరవలేదు. ఆయన చూపించలేదు. ఎందుకు చూపించలేదని అడిగాను. "మీరు సెప్తారనుకున్నానండి. రెండు మూడు నెలలు సూశాను. తర్వాత రిటైరయిపోయాను కదా, రిజిస్టరు నా దగ్గర లేదు." కోపంగా అనలేదు. అయినా అందులో నొప్పి లేదని నేను చెప్పను. పిన్నిగారు ఆ పదేళ్లు కూరల ఖర్చు దగ్గర ఎలా చూసుకున్నారో తర్వాత వాళ్లబ్బాయి చెప్పాడు.

ఆఫీసుకి ఉత్తరం రాశాను. గండి పడ్డ రాత్రి ఆదేశం నాది, లస్కరు తప్పు లేదు, కోసిన ఇంక్రిమెంటు పెన్షనులో కలిపి ఇవ్వాలి, నా మీద తీసుకోవలసిన చర్య తీసుకోండి అని. మా ఆవిడకి ముందే చెప్పాను. చాలాసేపు మౌనంగా ఉండి, వెళ్లి ఇచ్చిరండి అంది.

అక్టోబరు ఆఖర్లో, కార్తీకం వచ్చిన కొద్ది రోజులకి, ఆ ఉత్తరం పట్టుకెళ్లి బాబాయ్‌కి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. రాత్రి 11.20కి ఫోన్ చేశాను అన్న చోట చెయ్యెత్తాడు.

"కాదండి. పదకొండూ నలభై."

ఇంటికెళ్లి శుభ్రంగా మళ్లీ రాసి తెస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. పెన్ను తీసి 11.20 మీద ఒక్క గీత గీశాను, కింది అంకె కనబడేలాగే. పక్కన 11.40 వేసి సంతకం పెట్టాను. చూపిస్తే, కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని గేజి చూసినట్టు చూశాడు. శివారుకి నీళ్లు అందుతున్నాయా అని అడిగాడు. అందుతున్నాయన్నాను. పొద్దున్నే వెళ్లి చూసే వచ్చాను కాబట్టి అనగలిగాను.

తొమ్మిదో రోజు పోయాడు. ఉత్తరం ఆ కొట్టివేతతోనే ఇచ్చాను. నా వాంగ్మూలం తీసుకున్నారు, పాత రిజిస్టరు రికార్డు గదిలోంచి తీయించారు, 11.40 అనే ఉంది. పిన్నిగారి ఫ్యామిలీ పెన్షను ఫైలు ఇంకా తేలలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.