గోడ అవతలికి విసిరిన నత్తలు

మావారు నత్తను చంపరు. రెండు వేళ్ళతో పట్టుకుని, "పోవమ్మా, ఇంకెక్కడైనా బతుకు" అని దీవించి మరీ ప్రహరీ అవతలి ఖాళీ స్థలంలోకి విసురుతారు. కార్తీకమాసంలో జీవహత్య ఏమిటన్నది ఆయన వాదన. అత్తయ్యగారు ఎటువైపు ఉంటారో మీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే మొన్న మా చిన్నది ఆయన చేతిలోని ఒక పెద్ద నత్త పెంకు మీద ఎర్రటి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి పంపింది. ఈ రాత్రి టార్చి వేసి చూస్తే, ఆ ఎర్రచుక్క నత్త బచ్చలి పందిరి మీద తాపీగా భోంచేస్తోంది. నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

బచ్చలి, తోటకూర, బొప్పాయి మొలకలు, బీరపాదు లేత చివర్లు, అన్నీ వాటి పాలయ్యాయి. గొంగళిపురుగు తిన్న ఆకు కింద నల్లటి రెట్టల గింజలు కనబడతాయి. నత్త తిన్నచోట అవేమీ ఉండవు; ఆకు నడుమ అడ్డదిడ్డంగా చిల్లులు, వాటి పక్కనుంచి ఎండకు మెరిసే జిగురు చార మాత్రమే ఉంటాయి. పెంకు లేని జాతి మరొకటి కూడా మా పెరట్లో కాపురం పెట్టింది. నలుపు కలిసిన గోధుమరంగులో చదునుగా ఉంటుంది, వీపు మధ్యన తల నుంచి తోక దాకా పలచని లేతగీత ఉంటుంది. పగలు కుండీ అడుగున అతుక్కుని మట్టిపెళ్ళలా కనబడుతుంది కాబట్టి ఎవరూ దానిని అనుమానించరు.

అసలు నా కోపమంతా ఎరువుల దుకాణం మీద. నత్తలకు మందు ఏముందని అడిగితే, ఆయన డబ్బా లోంచి నీలిరంగు గుళికలు చేటెడు తీసి, పాత దినపత్రికలో పొట్లం కట్టి ఇచ్చాడు. పేరు లేదు, మోతాదు లేదు, విషమన్న గుర్తు లేదు. కుక్క ఉందండీ అంటే, "ఏం కాదమ్మా, అందరూ వేస్తున్నారు" అన్నాడు. పేరు చెప్పమని పట్టుబట్టాక మెటాల్డిహైడ్ అన్నాడు. ఇలాంటి గుళికలలో నత్తలను రప్పించడానికి తవుడు వంటివి కలుపుతారు, ఆ వాసనకే కుక్కలు కూడా వస్తాయి. కొద్దిగా తిన్నా వాటికి వణుకు, మూర్ఛ వస్తాయి, ఒళ్ళు కాలిపోతుంది, ప్రాణం పోయినా పోవచ్చు. పక్షులకూ అడవి జంతువులకూ హాని అని బ్రిటన్‌లో 2022 మార్చి ఆఖరు నుంచి ఆరుబయట దీని వాడకాన్నే నిషేధించారు. ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు ఉన్నాయా అని అడిగితే, అలాంటిదేదో నేను కల్పించి చెబుతున్నట్టు చూశాడు. అది తిన్న నత్త మేత మానేసి, ఎక్కడో నక్కి, కొద్దిరోజుల్లో చస్తుంది. కుక్కలకు, పిల్లలకు ప్రమాదం చాలా తక్కువ. అయినా దానిని సైతం గుప్పిళ్ళతో కుప్పపోయకుండా, పలచగా చల్లి, డబ్బాను పిల్లలకు అందని చోట పెట్టాలి. ఆ నీలి పొట్లం మాత్రం నేను తీసుకోలేదు, తీసుకోనందుకు ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఇంటికొచ్చాక ఇంతసేపు దాని గురించే సణుగుతున్నానని చిన్నది ఫిర్యాదు.

అత్తయ్యగారి వైద్యం ఉప్పు. తోటకూర మడి చుట్టూ గళ్ళుప్పు గీత గీశారు. ఉప్పు తగిలిన నత్త చస్తుంది, నిజమే, కానీ వాన పడగానే ఆ ఉప్పంతా వేళ్ళలోకి దిగుతుంది, నాలుగు కాలాలు అలా చేస్తే మడి చవిటినేల అవుతుంది. మాట దురుసు కాకుండా ఈ సంగతి ఆవిడకు ఎలా చెప్పాలో ఆలోచిస్తూ కోడిగుడ్డు పెంకుల సలహా తెచ్చాను, ఆవిడకు అది నచ్చింది కూడా. నచ్చడం వేరు, పనిచేయడం వేరు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వారు 2018లో గుడ్డుపెంకులను, రాగి పట్టీలను, గరుకు రాళ్ళను, బెరడు ముక్కలను, ఉన్ని గుళికలను లెట్యూస్ మొక్కల చుట్టూ వేసి చూస్తే, అడ్డు లేని మొక్కలకు పట్టిన గతే వీటికీ పట్టింది. ఉప్పు పోయిందన్నదే నాకు చాలు కాబట్టి పెంకులను ఉండనిస్తున్నాను.

ఇదంతా తాతయ్య చూస్తే నవ్వేవారు. కోత అయిపోయాక గోదావరి డెల్టాలోని మా ఊరికి బాతులవాళ్ళు వచ్చేవారు. కాలువగట్టు మీద ముందుగా ఒక మనిషి పొడవాటి కర్రతో, వెనుక బారులు బారులుగా బాతులు, చివర సామాను మోసే సైకిలు, వాటన్నిటి వెనుక మేమంతా. నీళ్ళు నిలిచిన మళ్ళలోకి దిగి, రాలిన గింజలనూ నత్తలనూ ఏరుకు తినేవి. బాతు నత్తను చీల్చి తినదు, కాస్త విదిలించి, మెడను పైకెత్తి గుటకలు వేసుకుంటూ మింగేస్తుంది. ఆ గుటక గొంతులో కిందికి జారడం చూడటానికే మేము గంటలకొద్దీ గట్టు మీద కూర్చునేవాళ్ళం. పగలంతా మేసిన మందను రాత్రి మా చేలోనే కట్టించుకోవాలని తాతయ్యకూ పక్కరైతుకూ పోటీ, ఎరువు కోసం. తెల్లారి వాళ్ళు ఇచ్చిన గుడ్లను నాయనమ్మ నీళ్ళలో వేసి మంచివో చెడ్డవో చూశాకే వంటింట్లోకి తీసుకునేది. వాళ్ళ భాషలో కొన్ని మాటలు మాకు అర్థమయ్యేవి కావు, అయినా కర్ర పైకెత్తితే చాలు, మంద మొత్తం ఎటు తిరిగేదో మాకు ముందే తెలిసిపోయేది. ఇది తలచుకోగానే పెరట్లోకి రెండు బాతులు తెచ్చుకుందామా అనిపించింది, ఈ టపా మొదలుపెట్టినప్పుడు నా నిర్ణయం కూడా అదే.

కానీ ఆ నత్తలు వేరు, ఇవి వేరు. పొలం నత్త నీళ్ళలో ఉండేది, నోటికి గట్టి మూత బిగించుకునేది, మా వైపు కొందరు కూర వండుకునేదీ దానినే. పెరట్లో ఉన్నది ఆఫ్రికా నత్త. నెల తర్వాత నెల నిద్రపోగలదు, ఒక్క ఈతకు రెండు వందల దాకా గుడ్లు పెడుతుంది, ఎదిగినది బాతు గొంతులో పట్టదు. బాతులకు లేత తోటకూర నత్తకంటే ఇష్టమవుతుందనీ అనుమానం.

దీనిని మన దేశానికి తెచ్చినది 1847లో బెన్సన్ అనే నత్తల శాస్త్రజ్ఞుడు. మారిషస్ నుంచి కలకత్తాకు పట్టుకొచ్చి చౌరంగీలోని ఒక తోటలో వదిలాడు. ఇది చదివాక మావారి దీవెనలు నాకు ఇంకో రకంగా వినబడుతున్నాయి. ఖాళీ స్థలంలో తుప్పల కింద అవి హాయిగా గుడ్లు పెట్టుకుంటున్నాయి, పిల్లలు అటు పక్కింటి మిరపకూ, ఇటు మా బచ్చలికీ వస్తున్నాయి. ఆయన చేసేది సోమరితనమని ఇంతసేపు తిట్టుకున్నాను, నిజానికి ఇంట్లో వానలో తడుస్తూ టార్చి పట్టుకుని ఏరేది ఆయన ఒక్కరే. ఏరడం వరకు ఆయనదే సరైన పద్ధతి, చివర్లో చేసే పని మాత్రమే మార్చాలి.

కాబట్టి గట్టి ఉప్పునీళ్ళ బకెట్టు ఒకటి పెరటి గుమ్మం దగ్గర ఉంటుంది, చచ్చినవాటిని గుంట తీసి పూడ్చేది నేను. ఆ నీళ్ళు మొక్కలకు పోయకూడదు. తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు వేసి రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి చేరినవాటిని ఒక్కచోట ఏరవచ్చు. మట్టిలో లేతపసుపు బఠాణీ గింజల్లా గుడ్లు కనబడితే అవీ అదే బకెట్లోకి. సాయంత్రం నీళ్ళు పెట్టడం మానేసి తెల్లవారుజామున పెట్టాలి, రాత్రి నేల తడి లేకపోతే వాటి తిరుగుడు తగ్గుతుంది. ఇక చిన్నదానికి చెప్పవలసినది చెప్పాలి: నెయిల్ పాలిష్ ఆటలు చాలు, ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. ఎలుకల నుంచి వచ్చే ఒక సన్నటి పురుగు ఈ నత్తల ఒంట్లో ఉంటుంది, అది మనిషి కడుపులోకి పోతే మెదడు పొరలకు వాపు వస్తుంది. ఆకుకూరను ఆకు ఆకు విప్పి కడిగి, బాగా ఉడికించే తినాలి, గ్లవుజులు తీశాక కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కార్తీకం వెళ్ళేదాకా ఆగమని మావారు అడిగారు, ఆగనన్నాను. బకెట్టు తన కంట పడకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఖాళీ స్థలం యజమానికి ఫోను చేసి తుప్పలు కొట్టించమని అడిగే పని మాత్రం ఆయనకే అప్పగించాను.