పేరు కలిసింది, పారిష్ కలిసింది. అయినా అతను మీ ముత్తాతేనా?

ఇంగ్లండ్‌లోని పల్లెటూరి పారిష్‌లో, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతంలో, పూర్వీకుణ్ణి వెతికేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక్కచోటే. బాప్తిస్మ రిజిస్టర్లో కావలసిన పేరు, ఇంచుమించు కావలసిన ఏడాది కనబడగానే అతణ్ణి వంశవృక్షంలోకి ఎక్కించేస్తారు. జాన్, విలియం, థామస్ లాంటి నాలుగు పేర్లే ఊరంతా తిరిగిన రోజులవి. అన్నదమ్ములిద్దరూ కొడుకులకు తాత పేరు పెట్టారంటే ఒకే ఇంటిపేరుతో, ఒకే ఈడులో ఇద్దరు విలియంలు తేలతారు. మీ విలియం ఎవరో తేల్చడమే అసలు పని.

ముందు 1851 జనాభా లెక్కలు చూడండి. పుట్టిన పారిష్ పేరు అందులో ఉంటుంది. 1841 లెక్కల్లో అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది) పుట్టాడా లేదా అన్నంతవరకే రాశారు. పైగా 15 దాటినవాళ్ల వయసును చాలాచోట్ల ఐదేళ్ల మెట్టుకు దించేశారు, 39 ఏళ్లవాడు 35 అయిపోతాడు. దాన్ని నమ్మి ఒకే ఏడాదిలో వెతికితే దొరకడు. పెళ్లి 1837 జూలై తర్వాత జరిగి ఉంటే సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. అది తప్పక తెప్పించుకోండి.

1813 నుంచి బాప్తిస్మాలకు అచ్చు ఫారాలు వచ్చాయి. పేజీకి ఎనిమిది పద్దులు, తండ్రి వృత్తికీ నివాసానికీ వేర్వేరు గడులు. ఇద్దరు విలియంలను విడదీసేది చాలాసార్లు ఆ నివాసం గడే. అంతకుముందు చాలా రిజిస్టర్లలో 'విలియం, మేరీల కొడుకు' అని రాసి వదిలేశారు. తేదీ బాప్తిస్మానిదే, పుట్టినరోజుది కాదు. 1783 నుంచి 1794 దాకా ఒక్కో పద్దుకు మూడు పెన్నీల పన్ను ఉండేది. ఒకే రోజు ముగ్గురు పిల్లలకు బాప్తిస్మం కనిపిస్తే కవలలనుకోకండి, అన్నాళ్లూ ఆగి ఒకేసారి తీసుకొచ్చి ఉండవచ్చు.

1752కు ముందు చర్చి లెక్కలో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1740 మేలో పెళ్లి, 1740 ఫిబ్రవరిలో బిడ్డ అని ఉంటే తొందరపడి తల్లిని అనుమానించకండి. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1741. పెళ్లయిన తొమ్మిది నెలలకే బిడ్డ.

1754 మార్చి 25 నుంచి పెళ్లి పద్దుల్లో సాక్షుల సంతకాలు తప్పనిసరి. సాక్షి తోబుట్టువైతే గొప్ప ఆధారం. కానీ ప్రతి పేజీలోనూ అదే పేరు కనబడితే అతను చర్చి గుమాస్తా అయ్యుంటాడు, చుట్టం కాదు. 1837 దాకా క్వేకర్లు (ఒక చిన్న క్రైస్తవ శాఖ), యూదులు తప్ప అందరి పెళ్లీ ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలోనే జరగాలి. కాబట్టి పెళ్లి అక్కడ జరిగిందని కుటుంబం ఆ శాఖదే అనుకోకూడదు. బాప్తిస్మం దొరకకపోతే వేరే శాఖల ప్రార్థన మందిరాలైన చాపెళ్ల రిజిస్టర్లూ తిరగేయండి.

బాప్తిస్మం దొరికాక అసలు పరీక్ష ఖననాల రిజిస్టర్. ఆ బిడ్డ చిన్నప్పుడే పోయాడేమో తర్వాతి పదేళ్లు వరసగా చూడాలి. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టడం మామూలు. ఈ మెట్టు దాటవేసి, పసితనంలో పోయినవాడికి మనవల్ని అంటగట్టిన వంశవృక్షాలు ఎన్నో. రిజిస్టర్ చెమ్మకు పాడైనా, పేజీలు చిరిగినా ఏటేటా బిషప్‌కు పంపిన నకళ్లు చూడండి. వాటి పద్ధతి 1598లో మొదలైంది.

వ్యవసాయ కూలీల విషయంలో నేను వీటన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది పేదల సహాయం కాగితాలకు. 1662 చట్టం ప్రకారం, బయటి నుంచి వచ్చినవాడు తమ పారిష్‌కు భారమవుతాడనిపిస్తే న్యాయాధికారుల ముందు ప్రమాణం చేయించి, అతను ఏ పారిష్‌కు చెందినవాడో విచారించేవారు. ఎక్కడ పుట్టాడు, ఏ రైతు దగ్గర ఏడాది పొడవునా పాలేరుగా ఉన్నాడు, జీతమెంత, పెళ్లెప్పుడు, పిల్లలెందరు, వాళ్ల వయసులేమిటి అన్నీ రాసుకునేవారు. పెళ్లికానివాడు నిండా ఏడాది కొలువు చేస్తే ఆ పారిష్‌వాడై, కష్టం వస్తే దానికే భారమవుతాడు కాబట్టి, కొందరు రైతులు ఏడాదికి కొన్ని రోజులు తక్కువగా ఒప్పందం రాసుకునేవారు. కౌంటీ ఆర్కైవ్‌లో ఇవి 'సెటిల్‌మెంట్ ఎగ్జామినేషన్' పేరుతో ఉంటాయి. అందులో చెప్పిన భార్య పేరు, పిల్లల వయసులు రిజిస్టర్లతో సరిపోల్చి చూడండి. ఇద్దరు విలియంలలో ఒకడు ఇక్కడే తప్పుకుంటాడు. తప్పుకోకపోతే ఇద్దరినీ పెన్సిల్‌తో రాసి ఉంచండి, పైతరానికి వెళ్లకండి.