రగ్బీ క్లబ్బు మూతపడితే: ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుతున్న తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు

2022-23 సీజన్ మొదలైనప్పుడు ఇంగ్లండ్ అగ్రశ్రేణి రగ్బీ లీగ్ ప్రీమియర్‌షిప్‌లో 13 క్లబ్బులు ఉండేవి. మరుసటి సీజన్‌కు 10 మిగిలాయి. వూస్టర్ వారియర్స్ 2022 సెప్టెంబరులో, వాస్ప్స్ అక్టోబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పుల పాలై బయటి నిర్వాహకుడి (అడ్మినిస్ట్రేటర్) చేతిలోకి వెళ్ళాయి. లండన్ ఐరిష్‌ను 2023 జూన్‌లో లీగ్ నుంచి తప్పించారు. రెండో అంచె పోటీలో విజేతగా నిలిచిన జెర్సీ రెడ్స్ కూడా ఆ తర్వాత కొన్ని నెలలకే మూతపడింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ రెబెల్స్ కథ 2024లో ముగిసింది.

వీటిలో కొన్ని క్లబ్బులు ఆడిన కోవెంట్రీ, రెడింగ్, పశ్చిమ లండన్ వైపు స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో ఈ వార్త పెద్దలకు పేపర్లో ఒక మూల వచ్చేదే కావచ్చు. అక్కడే పుట్టిన పిలకాయలకు మాత్రం అది సొంత ఊరి జెండా దిగిపోవడం. బడిలో వాళ్ళను ‘మీది ఏ ఊరు’ అని కాకుండా ‘మీది ఏ టీమ్’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు దొరికిన జవాబు ఒక్కసారిగా పోతుంది. అందుకే ఈ డబ్బుల వ్యవహారాన్ని తల్లిదండ్రులు వివరంగా తెలుసుకోవాలి.

తిరుపతిలో ఉన్న తాత అడిగే మొదటి ప్రశ్న: ‘స్టేడియం నిండా జనం కనిపిస్తారు కదా, నష్టం ఎట్ల వస్తాది?’ తిరుచానూరు రోడ్డులో పెద్ద కల్యాణ మండపం కట్టి, ఏడాదికి తొమ్మిది ముహూర్తాలకే అద్దెకిస్తూ, వంటవాళ్ళకూ వాచ్‌మన్‌కూ కరెంటుకూ పన్నెండు నెలలూ డబ్బు కడితే ఎలా ఉంటుందో చెప్పండి, ఆయనకు వెంటనే అర్థమవుతుంది. పది జట్ల లీగ్‌లో ఒక క్లబ్బుకు సొంత మైదానంలో దక్కే లీగ్ మ్యాచ్‌లు తొమ్మిదే. కప్పు మ్యాచ్‌లూ యూరప్ మ్యాచ్‌లూ మరికొన్ని కలుస్తాయి. జీతాలు మాత్రం ఏడాది పొడుగునా ఇవ్వాలి. ఆటగాళ్ళ జీతాలపై లీగ్ పెట్టిన పరిమితి 64 లక్షల పౌండ్లు. కోవిడ్ దెబ్బకు 2021లో దాన్ని 50 లక్షలకు తగ్గించారు, 2024-25లో మళ్ళీ 64 లక్షలకు పెంచారు. రూపాయల్లో అది 70 కోట్లకు పైనే. కోచ్‌లు, ఫిజియోలు, ఆఫీసు సిబ్బంది ఖర్చు దీనికి అదనం.

లోటును ఏటా పూడ్చేది యజమాని జేబు. బ్రిస్టల్‌కు స్టీవ్ లాన్స్‌డౌన్, బాత్‌కు బ్రూస్ క్రెయిగ్ ఉన్నారు కాబట్టి ఆ క్లబ్బులు నిలబడ్డాయి. న్యూకాజిల్‌ను 2025లో రెడ్ బుల్ కొన్నది. అలాంటి ఆసరా లేనిచోటా, ఉన్న యజమాని చెయ్యి ఎత్తేసినచోటా మిగిలేది అప్పు. దానికి తోడు 2018లో లీగ్ తన వ్యాపార ఆదాయంలో 27 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు 20 కోట్ల పౌండ్లకు పైగా మొత్తానికి అమ్మేసింది. ఆ డబ్బు ఒకసారి వచ్చి ఖర్చయిపోయింది, వాటా మాత్రం తిరిగి రాదు. కోవిడ్‌లో ప్రేక్షకులు లేక ప్రభుత్వం దగ్గర తెచ్చుకున్న అప్పులు ఆ తర్వాత మీదపడ్డాయి.

వాస్ప్స్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మామూలు అభిమానుల పొదుపు కూడా ఇరుక్కుంది. క్లబ్బు 2014లో కోవెంట్రీలోని అరీనాను కొని, 2015లో 6.5 శాతం వడ్డీకి 3.5 కోట్ల పౌండ్ల బాండ్లు అమ్మింది. ఏడేళ్ళకు, అంటే 2022 మేలో అసలు తిరిగి ఇవ్వాలి, ఇవ్వలేకపోయింది. ఆ నవంబరులో అరీనాను ఫ్రేజర్స్ గ్రూప్ 1.7 కోట్ల పౌండ్లకు తీసుకుంది. బ్యాంకు వడ్డీకంటే ఎక్కువ ఇస్తామన్న మాట, దాని వెనకాల పిల్లాడికి ఇష్టమైన జెర్సీ, రెండూ కలిస్తే మనసు ఆగడం కష్టం. క్లబ్బు మీద ప్రేమ ఉంటే టికెట్ కొనండి, అప్పు ఇవ్వకండి.

ఇక, సీజన్ టికెట్ కొనేముందు అరగంట పెట్టి చేయాల్సిన పని ఒకటుంది. టికెట్ నిబంధనల అడుగున కంపెనీ అసలు పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉంటాయి. ఆ నంబరును కంపెనీల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో కొట్టండి, అంతా ఉచితం. ప్రైవేట్ కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో లెక్కలు దాఖలు చేయాలి. జూన్ 30తో ఏడాది ముగిసే క్లబ్బుకు గడువు మార్చి 31. గడువు దాటితే పేజీలో ‘ఓవర్‌డ్యూ’ అని కనిపిస్తుంది. ఇంకొక గుర్తు అంత తేలిగ్గా కంటికి ఆనదు: ఆర్థిక సంవత్సరాన్ని ఒక్క రోజు ముందే ముగించినట్టు తేదీ మార్చి దాఖలు చేస్తే, గడువు ఆ దాఖలు చేసిన రోజు నుంచి మూడు నెలల దాకా పెరిగే వీలుంది. అదే పని రెండుమూడుసార్లు చేసిన క్లబ్బు లెక్కలు చూపించడానికి వెనకాడుతోందని నా అంచనా.

లెక్కల పుస్తకం తెరిచాక నేరుగా ఆడిటర్ నివేదికకు వెళ్ళండి. కంపెనీ కొనసాగగలదా అన్న విషయంలో ‘మెటీరియల్ అన్‌సర్టెన్టీ’ అని రాసి ఉంటే, వచ్చే పన్నెండు నెలలు గడుస్తాయని ఆడిటర్ గట్టిగా చెప్పలేకపోతున్నాడని అర్థం. ఆ తర్వాత ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు ఎంతో, యజమాని ఇచ్చిన అప్పు ఎంతో చూడండి. ‘ఛార్జెస్’ అన్న చోట స్టేడియం, భూమి ఎవరికి తాకట్టులో ఉన్నాయో తెలుస్తుంది. డైరెక్టర్లు వరసగా రాజీనామా చేస్తుంటే, ముఖ్యంగా ఆర్థిక డైరెక్టర్ వెళ్ళిపోతే, ఆ ఏడాది ముందస్తుగా డబ్బు కట్టడం మానేయడం మంచిది. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ వేసే మూసివేత పిటిషన్ల ప్రకటనలు అధికారిక ప్రకటనల పత్రిక ‘ది గెజెట్’లో వస్తాయి. వూస్టర్‌పై అలాంటి పిటిషన్ 2022 ఆగస్టులో పడింది. సరిగ్గా మన కుటుంబాలు బడి సెలవులకు తిరుపతిలో ఉండి, తిరుమల దర్శనం, బంధువుల ఇళ్ళు అంటూ తిరిగే నెల అది. విమానం ఎక్కకముందే ఈ సోదా పూర్తిచేసుకోండి.

ఒక క్లబ్బు అంటే ఒకే కంపెనీ అనుకోవద్దు. వూస్టర్‌లో ఆటగాళ్ళ కాంట్రాక్టులు ఒక కంపెనీ పేరిట, వ్యాపారం మరొక కంపెనీ పేరిట ఉండేవి. అక్టోబరు 5న కోర్టు మొదటిదాన్ని మూసేయమనగానే ఆటగాళ్ళందరి కాంట్రాక్టులూ అదే రోజు రద్దయ్యాయి. మీ డబ్బు ఏ కంపెనీకి వెళ్తోందో రసీదులో చూసుకోవాలి.

డబ్బు కట్టే పద్ధతిని బట్టే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టంలోని 75వ సెక్షన్ ప్రకారం, క్రెడిట్ కార్డుతో కొన్నది 100 పౌండ్లు దాటి 30,000 మించకపోతే, సొమ్ముకు కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. ఇక్కడ చాలామంది పొరపడేది ఏమంటే, ఆ 100 పౌండ్లు బిల్లు మొత్తం కాదు, ఒక్కో వస్తువు ధర. 60 పౌండ్ల పిల్లల టికెట్లు రెండు కొంటే 120 అవుతుంది కానీ సెక్షన్ వర్తించదు. మధ్యలో వేరే చెల్లింపు సంస్థ ద్వారా కట్టినా ఆ రక్షణ తెగిపోవచ్చు. 100 లోపు క్యాంపు ఫీజులకు డెబిట్ కార్డు వాడి ‘చార్జ్‌బ్యాక్’ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకును కోరడం) అడగొచ్చు, సాధారణంగా గడువు 120 రోజులు. నేరుగా బ్యాంకు నుంచి పంపిస్తే మీరు అందరికంటే చివర ఉండే పూచీ లేని అప్పులవాళ్ళ వరసలో నిలబడతారు. తాకట్టు ఉన్నవాళ్ళు, అడ్మినిస్ట్రేటర్ ఖర్చులు, సిబ్బంది బకాయిల్లో కొంత, 2020 డిసెంబరు నుంచి వ్యాట్, జీతాల్లోంచి కోసుకున్న పన్ను (పీఏవైఈ) బకాయిలకు హెచ్‌ఎంఆర్‌సీ, వీళ్ళందరూ మీకంటే ముందు. అయినా అడ్మినిస్ట్రేటర్ పంపే క్లెయిమ్ ఫారం నింపి రసీదు జతచేయండి, ఖర్చేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీ బిడ్డ ఆదివారం పొద్దున ఆడే క్లబ్బు, టీవీలో కనిపించే క్లబ్బు ఒకటి కావు. పేరు ఒకటే అయినా సరే. వాస్ప్స్ ప్రొఫెషనల్ జట్టు కూలినా, యాక్టన్‌లో ట్వైఫర్డ్ అవెన్యూ మైదానంలో ఆడే వాస్ప్స్ అమెచ్యూర్ క్లబ్బు ఆడుతూనే ఉంది. లండన్ ఐరిష్ అమెచ్యూర్లు కూడా సన్‌బరీలోని హేజల్‌వుడ్‌లో అలాగే కొనసాగారు. అవి సభ్యత్వ రుసుము, బార్ ఆదాయం, స్వచ్ఛంద సేవ మీద నడిచేవి. ఈ తేడా తెలియక ‘క్లబ్బే పోయింది కదా, ఇక ఆటెందుకు, ట్యూషన్‌లో చేర్పిద్దాం’ అని సందు చూసుకుని బిడ్డను మాన్పించే ఇళ్ళున్నాయి. అది అన్యాయం. బిడ్డకు అక్కడ స్నేహితులనూ, తడి నేలమీద పడి లేచే ధైర్యాన్నీ, ఆ ఊరు తనదన్న నమ్మకాన్నీ ఇచ్చింది ఆ ఆదివారాలే.

ఎనిమిదేళ్ళ బిడ్డకు ‘పెద్దవాళ్ళ జట్టుకు డబ్బు అయిపోయింది, నీ జట్టు ఉంది, ఆదివారం వెళ్తున్నాం’ అంటే చాలు. తొమ్మిదేళ్ళ లోపు వర్గంతోనే టాకిల్ (ఎదుటివాణ్ణి పట్టి పడేయడం) మొదలవుతుంది, ఆ వయసుకు జెర్సీకంటే పక్కనున్న దోస్తు ముఖ్యం. పద్నాలుగేళ్ళవాడికి పైన చెప్పిన లెక్కల పుస్తకమే చూపించండి. ఇద్దరూ కూర్చుని ఆ పేజీలు తిప్పితే వాడికి ఆ ఊరి పాఠం అందుతుంది, మనకు వాడి బాధ ఎంతో తెలుస్తుంది. అమెచ్యూర్ క్లబ్బు సంవత్సరాంత సమావేశానికి మనవాళ్ళు వెళ్ళడం అలవాటు చేసుకోవాలి. సభ్యులుగా కోశాధికారిని మైదానం లీజు ఇంకా ఎన్నేళ్ళుందో, బ్యాంకులో ఎన్ని నెలల ఖర్చు నిల్వ ఉందో అడిగే హక్కుంటుంది. పక్కన గీతమీద నిలబడి చూడటం దగ్గరే ఆగిపోకండి.

ప్రొఫెషనల్ క్లబ్బు శిక్షణ అకాడమీకి ఎంపికైన పదిహేను, పదహారేళ్ళవాళ్ళ సంగతి వేరు. ప్రొఫెషనల్ క్లబ్బు కూలితే అకాడమీ కోచ్‌లకూ ఉద్యోగం పోతుంది. బడి మారాల్సి వస్తే బర్సరీ (ఫీజు సాయం) ఇచ్చేది బడా, క్లబ్బా అని రాతపూర్వకంగా అడగండి. క్లబ్బు ఇచ్చేదైతే మధ్యలో ఆగితే మిగతా టర్ముల ఫీజు కట్టే స్థోమత ఉందో లేదో ముందే లెక్కేసుకోండి. తలకు దెబ్బ తగిలిన రికార్డుల నకళ్ళు ఎప్పటికప్పుడు తీసుకుని ఇంట్లో పెట్టుకోండి, ఫిజియోలు వెళ్ళిపోయాక అవి దొరకడం కష్టం. కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) తర్వాత 21 రోజుల లోపు మ్యాచ్ ఆడకూడదన్న నియమం కొత్త క్లబ్బుకు తెలియాలన్నా ఆ కాగితమే ఆధారం. ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) సబ్జెక్టులు మాత్రం వదలకండి. 2022లో వూస్టర్, వాస్ప్స్ ఆటగాళ్ళు ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చినప్పుడు మిగతా క్లబ్బుల్లో అన్ని ఖాళీలు లేవు. అంతర్జాతీయ ఆటగాళ్ళే ఫ్రాన్స్ దాకా వెళ్ళారు, మరి పద్దెనిమిదేళ్ళ కొత్తవాడికి?

తిరుపతికి ఫోన్ చేసినప్పుడు అవ్వ ‘ఏందిరా ఆ ఆట, బిడ్డను కిందేసి తొక్కతా ఉండారే!’ అంటే నవ్వి వదిలేయకండి. మౌత్‌గార్డ్ ఎట్లుంటుందో, రెఫరీ ఎందుకు ఈల వేశాడో వీడియో కాల్‌లో బిడ్డ చేతనే చెప్పించండి. రగ్బీ ప్రీమియర్ లీగ్ 2025 జూన్‌లో ముంబైలో మొదలైంది. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురే ఆడే రగ్బీ కాబట్టి ఒక్కో మ్యాచ్ తొందరగా అయిపోతుంది, తాత పక్కన కూర్చుని చూడొచ్చు. ఆ జట్టు ఖర్చు ఎవరు పెడుతున్నారో, ఆటగాడికి జీతం ఎన్ని నెలలకు ఇస్తున్నారో తాత తప్పకుండా అడుగుతాడు. ఆ ప్రశ్నలకు జవాబు వెతికే పని బిడ్డకే అప్పగించండి.