ఒక్క 'ఎల్' ఉన్న ఫుల్

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగు పిల్లలకు మూడు లిపుల్లోనూ ఎదురయ్యే ఇంగ్లీషు మాటల్లో 'బ్యూటీ' ఒకటి. పార్లర్ బోర్డు మీద తెలుగులో 'బ్యూటీ' అని ఉంటుంది, ఒడియాలో 'బిఉటి' అని కూడా రాస్తారు, ఇంగ్లీషులో ఏముంటుందనేది పెయింటరు దయ. ఆ మాటకి తోక చేర్చితే వచ్చే 'బ్యూటిఫుల్' డిక్టేషన్ పుస్తకంలో ఎర్ర సిరాకి ఆస్థాన అతిథి.

ప్రవాసం అన్న మాట ఈ ఊళ్ళకు సగమే నప్పుతుంది. ఉద్యోగాలకని వచ్చినవాళ్ళున్నారు. తాతల నాటి నుంచీ ఉన్న ఇంట్లోనే ఉంటూ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేసరికి అవతలి రాష్ట్రం వాళ్ళయిపోయినవాళ్ళూ ఉన్నారు. ఎవరి పిల్లలైనా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. మూడు భాషలు కలిసి పిల్లవాడి బుర్ర పాడుచేస్తున్నాయని దిగులుపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క మాటే మంచి జవాబు. దీన్ని నేర్పడానికి తెలుగూ ఒడియా రెండూ పనికొస్తాయి.

ముందు తప్పులు చూడండి. చాలావరకు ఐదు రకాలే. మొదటిది 'బి-యు-టి-ఐ'తో మొదలెట్టడం. 'బ్యూ' అని విని, చెవికి తోచిన అక్షరాలు వేయడమన్నమాట. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఇది సహజం, దీనికి తిట్టకూడదు. రెండోది 'ఎ' ముందు, 'ఇ' తర్వాత వేయడం. మూడోది మధ్యలో 'యు' ఎగిరిపోవడం. 'ఈట్', 'బీట్' లాంటి మాటలు ముందే వచ్చినవాళ్ళు ఇక్కడ జారతారు. నాలుగోది 'వై'ని అలాగే ఉంచేయడం. ఐదోది చివర రెండు 'ఎల్'లు.

మొదటి మూడు తప్పులకూ మూలం ఆ నాలుగక్షరాల గుంపే: బి-ఇ-ఎ-యు. దాని పుట్టుక చెబితే పిల్లలకు అది పిచ్చి స్పెల్లింగుగా అనిపించదు. లాటిన్‌లో 'బోనుస్' అంటే మంచి. దీపావళికి ఫ్యాక్టరీలో ఇచ్చే బోనస్ అదే మాట. దానికి ముద్దు రూపంగా పుట్టింది 'బెల్లుస్', అంటే చూడచక్కనిది. మంచికీ అందానికీ కలిపి మనం 'బాగుంది' అంటాం కదా, లాటిన్‌వాళ్ళకీ ఆ రెండూ ఒకే ఇంటివి. ఫ్రెంచిలోకి వచ్చాక హల్లుకి ముందున్న 'ల' కరిగి 'ఉ' అయింది, 'బెల్' కాస్తా 'బో' (రాతలో బి-ఇ-ఎ-యు) దారి పట్టింది. స్త్రీలింగ రూపం 'బెల్'లో మాత్రం 'ల' మిగిలింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడ ఫ్రెంచి దొరల భాషయింది. 1300 ప్రాంతానికి 'బ్యూటీ' ఇంగ్లీషులో చేరింది. పాత ఫ్రెంచిలో ఆ మూడు అచ్చులనూ (ఇ-ఎ-యు) వరసగా పలికేవారు. పలుకు మారింది, రాత మిగిలింది.

కోరాపుట్ పిల్లలకు ఇంకో ఆధారముంది. భూగోళం పుస్తకంలో వాళ్ళ ఊరున్నది ఒక 'ప్లేటో' మీద, అంటే పీఠభూమి మీద. ఆ మాట చివరా ఇదే ఇ-ఎ-యు. అక్కడ 'ఓ', ఇక్కడ 'యూ'. రెండూ పక్కపక్కన రాయించండి. పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగులో వాడుక మాటను రాతకెక్కించడానికి పోరాడారు. ఇంగ్లీషులోనూ రాతను సరిచేద్దామన్నవాళ్ళు వచ్చారు కానీ, ఈ మాట దగ్గర ఎవరి మాటా సాగలేదు.

ఇక తోక. 1400లలో ఈ ఫ్రెంచి మాటకి అచ్చ ఇంగ్లీషు 'ఫుల్' చేరింది. అంతకుముందు నుంచీ అందానికి ఇంగ్లీషువాళ్ళ సొంత మాట 'ఫెయిర్' ఉండేది. మన పెళ్ళి ప్రకటనల్లో అది ఒంటి రంగుకి కుంచించుకుపోయింది. బ్యూటీ నామవాచకం, ఫుల్ చేరితే విశేషణం. తెలుగులో 'అందం'కి 'ఐన' చేరి 'అందమైన' అయినట్టే. 'అద్భుతమైన', 'ఉపయోగకరమైన' పక్కన 'వండర్‌ఫుల్', 'యూజ్‌ఫుల్' పెట్టి చూపిస్తే పదేళ్ళ పిల్లకి వ్యాకరణం పుస్తకం అక్కర్లేదు.

ఒంటరిగా నిలబడినప్పుడు 'ఫుల్'కి రెండు 'ఎల్'లు, తోకైనప్పుడు ఒకటే. గుర్తు పెట్టించడానికి ఒడియా ఉంది. ఆ భాషలో పువ్వుని 'ఫులొ' అంటారు, అందులోనూ 'ల' ఒక్కటే. బ్యూటీ-ఫులొ, అందాల పువ్వు. పిల్లలు నవ్వుతారు, మరిచిపోరు. అయితే ఇది కొండగుర్తేనని చెప్పాలి. చెప్పకపోతే ఇంగ్లీషు 'ఫుల్' ఒడియా పువ్వు నుంచి పుట్టిందని వాళ్ళు క్లాసులో వాదించగలరు. 'వై' సంగతి సులువు. దాని ముందు హల్లుంటే 'ఐ' అవుతుంది: మెర్సీ-మెర్సిఫుల్, డ్యూటీ-డ్యూటిఫుల్. అచ్చుంటే మారదు: జాయ్-జాయ్‌ఫుల్.

నేర్పేటప్పుడు పాత క్యాలెండరు అట్ట మీద మాటను రాసి మూడు ముక్కలు కత్తిరించండి: బి-ఇ-ఎ-యు, టి-ఐ, ఎఫ్-యు-ఎల్. నాలుగు, రెండు, మూడు, మొత్తం తొమ్మిది. ముక్కలు కలిపి పేర్చించండి, చదివించండి, బోర్లించి చూడకుండా రాయించండి. తప్పు ఏ ముక్కలో వచ్చిందో ఆ ముక్కే మళ్ళీ రాయించండి, మొత్తం మాటను యాభైసార్లు కాదు. యాభైసార్లు రాయిస్తే పదోసారి జొరబడిన తప్పు మిగతా నలభైసార్లూ గట్టిపడుతుంది. అదే రోజు కాకుండా మర్నాడూ, మూడు రోజులకూ, వారానికీ ఒకసారి అడగండి.

స్పెల్లింగు వచ్చాక వాక్యంలో జారే చోట్లు వేరే ఉన్నాయి. 'పువ్వు అందంగా ఉంది' అని ఆలోచించే పిల్ల 'ది ఫ్లవర్ ఈజ్ బ్యూటిఫుల్లీ' అని రాస్తుంది, మన 'గా'ని చూసి. ఒడియాలో ఆలోచించే పిల్ల 'ది ఫ్లవర్ బ్యూటిఫుల్' అంటుంది, ఎందుకంటే 'ఫులొటి సుందొరొ' అన్న వాక్యానికి క్రియ అక్కర్లేదు. ఒకే ఇంట్లో అక్క మొదటి తప్పు, తమ్ముడు రెండోది చేయొచ్చు. మందు వేర్వేరు. అక్కకి రెండు 'గా'లు విడదీసి చూపాలి: 'అందంగా ఉంది' అయితే బ్యూటిఫుల్, 'అందంగా పాడింది' అయితే బ్యూటిఫుల్లీ. తమ్ముడికి 'ఈజ్' అట్టముక్క ఒకటి చేసి మధ్యలో పెట్టించాలి.

నాన్న మీద రాసే వ్యాసంలో 'మై ఫాదర్ ఈజ్ బ్యూటిఫుల్' అని వస్తే నవ్వకండి. తెలుగులో అందగాడు, అందగత్తె ఇద్దరికీ అందమే కదా. ఇంగ్లీషులో మగవాళ్ళకు మామూలుగా 'హ్యాండ్‌సమ్' అంటారని చెబితే సరిపోతుంది. 'అందమైన పాత ఇల్లు', 'పాత అందమైన ఇల్లు' మనకు రెండూ నడుస్తాయి. ఇంగ్లీషులో మన అభిప్రాయం చెప్పే మాట ముందు, వయసు తర్వాత: 'ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ హౌస్'.

బ్యూటిఫుల్లీలో రెండు 'ఎల్'లు చూసి పిల్లలు మళ్ళీ తికమకపడతారు. వాటిలో ఒకటి 'ఫుల్'ది, రెండోది 'లీ'ది. అట్టముక్కల్లో నాలుగోది ఎల్-వై అని రాసి పక్కన పెట్టించండి, వాళ్ళే లెక్క చెబుతారు.